పూతరేకుల డబ్బాలో పాట: ఒక కోనసీమ బ్యాండ్ కోసం మేం చేసిన ప్రచారం

"బ్యాండ్ పని మీద వచ్చానండి" అన్నాను. పూతరేకుల దుకాణం ఆవిడ రేకు చుడుతున్న చేతులు ఆపకుండానే, "పెళ్ళి బ్యాండా బాబూ? మా ఇంట్లో ఇప్పుడు ముహూర్తాలేం లేవే" అన్నారు.

ఆత్రేయపురంలో ఒక పొద్దున్న జరిగిన ఈ మాట దగ్గరే మొదలుపెట్టాలి. మా గోదావరి జిల్లాల్లో బ్యాండ్ అంటే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బాకాలు, డ్రమ్ములు. పాటకచేరీ అంటే తీర్థంలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా. తమ పాట తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని పాడేవాళ్ళని పిలవడానికి ఇక్కడ ఒక మాటే లేదు. నేను పనిచేస్తున్న బ్యాండ్‌లో ముగ్గురు అబ్బాయిలు, పాడే అమ్మాయి ఒకరు. అందరిదీ అమలాపురం చుట్టుపక్కలే. నాలుగు పాటలు సిద్ధంగా ఉన్నాయి. వినేవాళ్ళు మాత్రం వాళ్ళ కాలేజీ స్నేహితులు, చుట్టాలు, అంతే. వాళ్ళ కోరిక మీదే బ్యాండ్ పేరూ, వాళ్ళ పాటల్ని తన పూతరేకుల డబ్బాల్లో పంపిన ఆ దుకాణం పేరూ ఇందులో రాయడం లేదు. వినికిడి లెక్కలు, అంటే పాట ఎన్నిసార్లు విన్నారన్నవి, కూడా వాళ్ళ సొంతం కాబట్టి అంకెలు వెయ్యను. ఏం చేశామో, ఎందుకు చేశామో, ఎక్కడ తప్పామో మాత్రం దాచకుండా చెబుతాను.

నేను రాజమహేంద్రవరంలో ఒక చిన్న ప్రకటనల ఆఫీసు నడుపుతున్నాను. రైసు మిల్లులు, బట్టల కొట్లు, రొయ్యల మేత డీలర్లు, స్కూళ్ళు మా ఖాతాదారులు. సంగీతం నా వ్యాపారం కాదు, ఇష్టం.

అంతకుముందు చెడిన పని

ఇదే బ్యాండ్‌కి అంతకు రెండేళ్ళ ముందు నేనే ఒక పని తెచ్చాను. ఒక స్థానిక వ్యాపారికి "సొంత పాట" కావాలి. పల్లవిలో సంస్థ పేరు, చరణంలో మళ్ళీ పేరు, చివర్న ఫోన్ నంబరు. బ్యాండ్ పిల్లలకి అప్పుడు సౌండ్ మిక్సర్ కొనుక్కోవడానికి డబ్బు కావాలి, ఒప్పుకున్నారు. ప్రారంభోత్సవం రోజు ఆ పాట మైకులో మోగింది. మర్నాటి నుంచి దాన్ని ఎవరూ తలుచుకోలేదు. ఒక వ్యాపారం పేరు పదేపదే వినబడే పాటని పక్కవాడికి ఎవరు పంపుతారు? ఆ వ్యాపారి కూడా పంపలేదు.

అంతకన్నా పెద్ద నష్టం కాగితం మీద జరిగింది. ఒప్పందంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న రెండు మాటలున్నాయి. నేను చూసీ వదిలేశాను. ఆ రెండు మాటలూ రాయకపోయి ఉంటే మన కాపీరైట్ చట్టమే పిల్లల్ని కొంత కాపాడేది. హక్కులు రాసిచ్చినప్పుడు గడువు చెప్పకపోతే 5 సంవత్సరాలు, ప్రాంతం చెప్పకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతుంది. ఆ అమ్మాయి తన పందొమ్మిదో ఏట కట్టిన బాణీ అది. వాళ్ళ బాణీల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇప్పుడు దాన్ని వాళ్ళు కచేరీలో పాడలేరు. ఆ బాధ్యత నాది. ఈసారి పని మొదలుపెట్టినప్పుడు ఆలోచన కన్నా ముందు ఒప్పందం గురించి కూర్చున్నది అందుకే.

బ్రాండ్లు సంగీతం మీద డబ్బు పెట్టడం కొత్త సంగతి కాదు. కోకాకోలా నడిపే పాటల కార్యక్రమం కోక్ స్టూడియో 2007లో బ్రెజిల్‌లో మొదలై, 2008లో పాకిస్తాన్‌కి, 2011లో మన దేశానికి వచ్చింది. ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ 1974లో చనిపోయాడు. బతికుండగా ఆయన రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. 1999లో అమెరికాలో ఒక వోక్స్‌వాగన్ కారు ప్రకటన ఆయన పాటని వినిపించాక ఆ ఆల్బమ్‌లకి గిరాకీ వచ్చింది. ఆ ప్రకటనలో ఎవరూ మాట్లాడరు. వెన్నెల రాత్రి, కారు, పాట. నేను గమనించింది ఒక్కటే: ఈ రెండిట్లోనూ సరుకు పేరు పాట లోపలికి రాలేదు. బ్రాండ్ తన దారిని పాటకి వదిలింది. ఆ బ్రాండ్ ఎక్కడెక్కడికి వెళ్ళగలదో పాట కూడా అక్కడికి వెళ్ళింది.

మా డెల్టాలో అలాంటి దారి ఎవరి దగ్గరుంది?

పండగ తిరుగు ప్రయాణం

సంక్రాంతికి కోనసీమ ఎలా నిండుతుందో మీకు తెలుసు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, విదేశాలు, ఎక్కడున్నవాళ్ళయినా భోగి నాటికి ఇంట్లో ఉంటారు. ఊళ్ళో ప్రకటనలన్నీ ఆ మూడు రోజులకే. వచ్చేవాళ్ళని ఆహ్వానించే ఫ్లెక్సీలు రోడ్డు పొడుగునా ఉంటాయి. మొదట్లో మా ఆలోచన కూడా అటే పోయింది. దుకాణం ఆవిడ మేనల్లుడు, చురుకైన కుర్రాడు, కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం దారిలో స్టేజీ కట్టి బ్యాండ్‌ని పాడిద్దాం అన్నాడు. నేను వద్దన్నాను. పదకొండు ఊళ్ళ రుద్రులు ఒకచోట కలిసే రోజు అది. ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ కౌశిక నీళ్ళు దాటించే జనం చెవుల్లో అప్పటికే గరగల మోత, డప్పులు, శరభ శరభ కేకలు నిండి ఉంటాయి. అక్కడ ఒక కొత్త పాట నిలవదు. నిలబెట్టాలని చూడటం మర్యాద కూడా కాదు.

దారి దొరికింది తర్వాత, రావులపాలెంలో చూసిన ఒక సంగతి గుర్తొచ్చినప్పుడు. అంతకుముందు ఏడాది ముక్కనుమ సాయంత్రం మా బావగారిని హైదరాబాద్ బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. జాతీయ రహదారి పక్కన బస్సుల కోసం నిలబడ్డవాళ్ళలో చేతిలో పూతరేకుల డబ్బా లేనివాళ్ళు కనబడలేదు. ఒక్కొక్కరి సంచిలో నాలుగు, అయిదు. పక్క ఫ్లాటు వాళ్ళకొకటి, ఆఫీసుకొకటి, పిల్లల టీచర్‌కొకటి. పండగకి వచ్చేటప్పుడు అందరి చేతులూ బట్టల సంచులతో నిండి ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఈ డబ్బాలు ఉంటాయి. వెళ్ళిన చోట వాటిని ఎవరూ ఒంటరిగా విప్పరు. నలుగురు మూగినప్పుడే విప్పుతారు, ఊరి సంగతులు చెప్పుకుంటూ తింటారు. ఊరి మీద ధ్యాస అంత మెత్తగా ఉండే ఘడియ ఇంకొకటి ఉంటుందా? ఆ ఘడియలో అదే ఊళ్ళో పుట్టిన పాట చెయ్యందేంత దూరంలో ఉంటే?

పాటని డబ్బాలో ఎలా పెట్టాలన్న దానికి జవాబు మా అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. వెనకటి రోజుల్లో సినిమా హాళ్ళ దగ్గర, తిరునాళ్ళలో అమ్మిన పాటల పుస్తకాలు ఆవిడ ఇప్పటికీ దాచుకుంది. పాట వినడానికి ముందే, లేదా ఒకసారి విన్నాక మరోసారి వినే వీలు లేక, జనం వాటిని చదువుకుంటూ పాడుకునేవారు. మనవాళ్ళకి పాట మాటలు చదవడం ఇష్టం. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివిన జనం మనం. అందుకని ప్రతి డబ్బాలో ఒక కాగితం పెట్టాం. ఒక వైపు పాట మొత్తం, చత్వారం వచ్చినవాళ్ళు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. రెండో వైపు బ్యాండ్ గురించి నాలుగు వాక్యాలు, క్యూఆర్ కోడ్. దుకాణం పేరు కాగితం మీద అడుగున, చిన్నగా, ఒక్కసారి.

కుండ దగ్గర

పిల్లలు నలుగురూ పూతరేకులు తిన్నారు గానీ తీయడం చూడలేదు. రికార్డింగుకి ముందు ఒక రోజంతా కుండల దగ్గర కూర్చోబెట్టాను.

జయ బియ్యం నానబెట్టి, రుబ్బి, పాలలాగా పల్చగా కలుపుకుంటారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. తెల్లటి గుడ్డ ముక్క ఆ పిండినీళ్ళలో ముంచి, రెండు చేతుల్తో కుండ మీద ఒక్క లాగు లాగుతారు. చుర్రుమంటుంది. ఆవిరి లేస్తుంది. ఆ చప్పుడు ఆగే లోపు పిండి పొరై అంచుల దగ్గర లేస్తుంది, మునివేళ్ళతో ఊడదీసి పక్కన పేరుస్తారు. చూసేవాళ్ళకి సులువుగా కనబడుతుంది. మంట ఒక్క పిసరు ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ చేతులకి మాత్రమే ఆ కొలత తెలుసు. ఈ చేతుల పనికే 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

డ్రమ్ములు వాయించే అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి చప్పుడు రికార్డు చేసుకున్నాడు. ముంచడం, లాగడం, తీయడం, పేర్చడం, మళ్ళీ ముంచడం. ఆ వరస తప్పకుండా తిరుగుతూనే ఉంటుంది. చుర్రుమన్న శబ్దాన్ని పాటలో నేరుగా పెడదామని ప్రయత్నించారు, బాగానే ఉంది, కానీ వంటల వీడియోలాగా అనిపించి వాళ్ళే తీసేశారు. ఆ వరస వేగాన్ని మాత్రం ఉంచుకున్నారు. మొదటి పాట దాని మీదే నడుస్తుంది. వినేవాడికి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పనవసరం లేదని నా అభిప్రాయం, కాగితం మీద కూడా చెప్పలేదు.

ఆ రోజే మేనల్లుడు దుకాణం పేరు పాటలో ఒక్క చోటైనా పెట్టమని అడిగాడు. డబ్బు పెడుతున్నవాళ్ళు అడగడంలో తప్పు లేదు. నేను సమాధానం వెతుక్కుంటుంటే ఆవిడే అన్నారు: "రేకు మీద పేరు రాస్తామేంట్రా? డబ్బా మీద రాస్తాం గానీ." ఆ తర్వాత ఆ ప్రస్తావన మళ్ళీ రాలేదు.

కాగితం మీద ఏం రాసుకున్నాం

ఇది బ్యాండ్‌లతో పనిచేసే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సిన భాగం, అందుకే కొంచెం వివరంగా.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక రికార్డింగుకి కర్త దాని నిర్మాత. నిర్మాత అంటే ఆ రికార్డింగు చెయ్యడానికి చొరవ, బాధ్యత తీసుకున్నవాళ్ళు. బ్రాండ్ స్టూడియోని మాట్లాడి, బిల్లు కట్టి, పిల్లల్ని పిలిచి పాడిస్తే నిర్మాత బ్రాండే అని వాదించడానికి దారి ఇచ్చినట్టే. అందుకని స్టూడియోని బ్యాండే మాట్లాడుకుంది, బిల్లు బ్యాండ్ పేరు మీదే వచ్చింది. దుకాణం ఇచ్చిన డబ్బుని రికార్డింగు ఖర్చు అని కాకుండా, పాటల్ని తన డబ్బాలతో పాటు వాడుకోవడానికి కట్టిన రుసుము అని రాశాం. గడువు రెండు సంక్రాంతులు. వాడకం డబ్బాలకి, దుకాణం సోషల్ మీడియాకి మాత్రమే. టీవీ ప్రకటనకి వాడాలంటే మళ్ళీ మాట్లాడుకోవాలి.

పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రాయల్టీలో సమాన వాటా 2012 సవరణ ఇచ్చిన హక్కు. వారసులకి, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ దాన్ని వదులుకోవడం కుదరదు. ఈ సంగతి ఆ పిల్లలకి తెలియదు. నలుగురిలో రాసే అబ్బాయి, కట్టే అమ్మాయి రాసేవాళ్ళకి, బాణీ కట్టేవాళ్ళకి రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ, 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. పని మొత్తంలో నేను చేసిన అన్నిటికన్నా మంచి పని ఆ దరఖాస్తు నింపించడమేనని ఇప్పటికీ అనుకుంటాను.

డబ్బా కష్టాలు

కాగితాన్ని రేకుల మీదే పరిచేద్దాం అనుకున్నాం. కుదరదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అచ్చు వేసిన వైపు ఆహారానికి తగలకూడదు. రేకుల మీద మామూలు బటర్ పేపరు, దాని మీద గట్టి అట్ట, ఆ పైన పాట కాగితం. డబ్బా ఎత్తు కొంచెం పెరిగింది, ఖర్చూ పెరిగింది.

ధనుర్మాసంలో వేసిన మొదటి విడతలో ఇంకో తప్పు చేశాం. క్యూఆర్ కోడ్‌ని డబ్బా మూత మీద కూడా వేశాం, అందరికీ కనబడాలని. కౌంటర్ దగ్గర గందరగోళం. కొట్లో క్యూఆర్ కోడ్ కనబడితే మన జనం ఒక్క పనే చేస్తారు: డబ్బు కడతారు. కొన్నవాళ్ళు డబ్బా మీద కోడ్‌కి ఫోన్ పెట్టడం, పాట మొదలవడం, "డబ్బులు వెళ్ళలేదు బాబూ" అనడం. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు విసుక్కోవడం. కౌంటర్ మీదున్న అమ్మాయి మూడో రోజుకి కోడ్ మీద ధర స్టిక్కర్లు అంటించడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయే కరెక్టు. పండగ విడతలో మూత మీద కోడ్ తీసేశాం, లోపల మాత్రమే ఉంచాం.

లోపల పెడితే ఇంకో చిక్కు, నెయ్యి. నేతి మరక పడ్డ కోడ్ చదవబడదేమోనని భయం. క్యూఆర్ కోడ్‌లో దిద్దుబాటు స్థాయిలు నాలుగుంటాయి. అన్నిటికన్నా పై స్థాయిలో సుమారు 30 శాతం పాడైనా కోడ్ చదవబడుతుంది. అదే వాడాం. గళ్ళు చిక్కబడతాయి కాబట్టి కోడ్ పెద్దది చేశాం, చుట్టూ ఖాళీ వదిలాం. కోడ్‌లో లింకు ఎంత పొట్టిగా ఉంటే గళ్ళు అంత తగ్గుతాయి. అందుకని లింకు కూడా కురచ చేశాం.

కోడ్ చదవబడినా చేతులు నేతివి. ఫోన్ ముట్టుకోరు. అందుకని కోడ్ పైన ఒక్క వాక్యం వేశాం: "ముందు తినండి, చేతులు కడుక్కుని వినండి." ఈ వాక్యం గురించి వచ్చినన్ని ఫోన్లు పాట గురించి కూడా రాలేదు.

కోడ్ తెరిస్తే యాప్ వెయ్యమని, లాగిన్ అవమని అడగని పేజీ. నొక్కగానే పాట. కింద "ఈ డబ్బా ఇచ్చినవాళ్ళకి పాట పంపండి" అని వాట్సాప్ బటన్. ఆ తర్వాతే యూట్యూబ్, స్పాటిఫై, జియోసావన్ దారులు. పాటల వరస గురించి బ్యాండ్‌తో ఒక రాత్రి వాదన జరిగింది. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఒక వినికిడిగా లెక్కిస్తారు. 2024 నుంచి, ఏడాదిలో 1,000 వినికిళ్ళు చేరని పాటకి అక్కడ రాయల్టీ రాదు. వాళ్ళ పాటల్లో ఒకదానికి మొదట్లో నిమిషంపాటు మాటల్లేని గిటారు ఉంది. దాన్ని కత్తిరించమని నేను అడగలేదు, ఎవరూ అడగకూడదు. కానీ పండగ డబ్బాలో మాత్రం వెంటనే గొంతు వినబడే పాటే ముందుండాలని పట్టుబట్టాను.

పండగ తర్వాత

నాలుగు పాటలకి నాలుగు రకాల కాగితాలు వేసి, జనం నాలుగూ పోగుచేసుకుంటారని ఊహించాను. ఎవరూ పోగుచెయ్యలేదు. పాకింగ్ దగ్గర కాగితాలు కట్టలుగా వాడతారు కాబట్టి, ఒక కుటుంబం కొన్న అయిదు డబ్బాల్లోనూ ఒకే పాట వచ్చింది. మొదట కంగారుపడ్డాను. కానీ ఆ అయిదు డబ్బాలూ హైదరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే ఆఫీసులో పంచారు. అంటే ఒకే పాటని ఒకరికొకరు తెలిసిన అయిదిళ్ళవాళ్ళు ఒకే వారంలో విన్నారు. లిఫ్టులో కలిసినప్పుడు మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది. నాలుగు పాటలు తలా ఒకటి వెళ్ళుంటే ఇది జరిగేది కాదు. కొత్త పాట నిలబడాలంటే ఎక్కువమంది వినడం కన్నా ఒకరికొకరు తెలిసినవాళ్ళు వినడం ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది.

ప్రతి విడత కాగితానికి వేరే లింకు పెట్టాం కాబట్టి ఎప్పుడు తెరుస్తున్నారో తెలిసింది. పండగ మూడు రోజులూ దాదాపు ఏమీ లేదు. డబ్బాలు ఊళ్ళు చేరాక, రాత్రి భోజనాల వేళ దాటాక పెరిగింది. వాట్సాప్ బటన్ అనుకున్నదానికన్నా ఎక్కువ పనిచేసింది. నగరాల్లో ఉన్న పిల్లలు ఊళ్ళో అమ్మకి, నాన్నకి తిరిగి పంపారు. అలా హైదరాబాద్ వెళ్ళిన పాట ముమ్మిడివరం, రాజోలు, పి.గన్నవరం తిరిగొచ్చింది. తీర్థంలో స్టేజీ కడితే వినని పెద్దవాళ్ళు, పిల్లలు పంపించారని విన్నారు.

పని చెయ్యనివి కూడా ఉన్నాయి. రావులపాలెం దుకాణం ముందు మూడు సాయంత్రాలు బ్యాండ్‌ని పాడించాం. లారీల హారన్ల మధ్య ఆ అమ్మాయి గొంతు ఎవరికీ చేరలేదు. రెండో రోజుకి ఆపేయాల్సింది, మూడో రోజు కూడా పాడించాను. విదేశాలకి పార్సిల్ వెళ్ళిన డబ్బాల్లో బరువు తగ్గించడానికి కొరియర్ దగ్గర అట్ట, కాగితం తీసేసిన సందర్భాలున్నాయి. శివరాత్రి నాటికి వినికిడి బాగా పడిపోయింది. అప్పటికి బ్యాండ్ దగ్గర అయిదో పాట సిద్ధంగా లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి వెంటనే ఇవ్వడానికి ఇంకో పాట చేతిలో ఉంచుకోకుండా ఇలాంటి ప్రచారం మొదలుపెట్టకూడదు. అది బ్యాండ్ తప్పు కాదు, నా ప్రణాళికలో లోపం.

దుకాణానికి ఏమొచ్చిందంటే, "పాట డబ్బా ఇవ్వండి" అని అడిగేవాళ్ళు వచ్చారు. పూతరేకుల రుచిలో ఆ వీధిలో ఎవరికెవరూ తీసిపోరు. అడగడానికి ఒక పేరు దొరకడం ఆవిడకి చాలనిపించింది. బ్యాండ్‌కి రాజమహేంద్రవరంలో ఒక కాలేజీ నుంచి, భీమవరంలో ఒక పెళ్ళి సంగీత్ నుంచి పిలుపులొచ్చాయి. సంగీత్‌లో సినిమా పాటలతో పాటు వాళ్ళ పాట ఒకటి పాడమన్నారు. పెళ్ళివారే, పేరు చెప్పి మరీ అడిగారు.

వేసవికి ఆవిడ మామిడి తాండ్ర డబ్బాల్లో కూడా పాట కావాలంటున్నారు. అయిదో పాట రికార్డింగు అయిపోయింది. తాండ్ర డబ్బా పూతరేకుల డబ్బాలో సగం ఉంటుంది, కాగితం మీద పల్లవి, ఒక్క చరణం మాత్రమే పడతాయి. రెండు చరణాల్లో ఏది ఉంచాలో నలుగురూ ఇంకా తేల్చుకోలేదు.